డ్రైవర్‌ మీద నింద వేసే ముందు

హ్యామ్‌ రేడియోలో వాడే ఎఫ్‌టీ8 డిజిటల్‌ మోడ్‌లో ఒక విడత ట్రాన్స్‌మిషన్‌ 12.64 సెకన్లు. అందులో రెండు మూడు సెకన్లు గడిచాయో లేదో రిగ్‌ (రేడియో)తో కలిపే యూఎస్‌బీ కనెక్షన్‌ తెగి కంప్యూటర్‌ టింగుమంటుంది, తెర మీద ‘రిగ్‌ కంట్రోల్‌ ఎర్రర్‌’ ప్రత్యక్షమవుతుంది. రిగ్‌ మాత్రం ట్రాన్స్‌మిట్‌లోనే ఉండిపోతుంది, ఆపమనే ఆదేశం వెళ్లాల్సింది కూడా తెగిపోయిన ఆ యూఎస్‌బీ దారినే కదా. ఇలా జరగ్గానే చాలామంది హ్యామ్‌లు డ్రైవర్‌ తీసేసి మళ్లీ వేస్తారు, అదీ కుదరకపోతే విండోస్‌నే మార్చేస్తారు. రిసీవ్‌లో గంటల తరబడి నిక్షేపంగా నడిచి, ట్రాన్స్‌మిట్‌ నొక్కగానే తెగే కనెక్షన్‌ విషయంలో వెతకాల్సిన చోటు అది కాదు. ముందు యాంటెనా వైపు చూడాలి.

ఐకామ్‌ ఐసీ-7300 లాంటి రిగ్‌లో ఒకే యూఎస్‌బీ సాకెట్‌ వెనక సీరియల్‌ పోర్టు, సౌండ్‌కార్డు రెండూ ఉంటాయి. డ్రైవర్‌ లోపమైతే పోర్టు డివైస్‌ మేనేజర్‌లో అసలు కనిపించదు, లేదా పసుపు గుర్తుతో కనిపిస్తుంది. బాడ్‌ రేటు తప్పితే మొదటి నిమిషం నుంచే రిగ్‌ పలకదు. ఇలాంటి తప్పులకు ఏ బ్యాండ్‌లో ఉన్నామన్నది, ఎన్ని వాట్లు పెట్టామన్నది పట్టదు. మనం చెప్పుకుంటున్న జబ్బు 10 వాట్లకు రాదు, 50 వాట్లకు వస్తుంది. 40 మీటర్లలో ఊరుకుని 15 మీటర్లలో తిరగబెడుతుంది. యాంటెనా ఊడదీసి, డమ్మీ లోడ్‌ తగిలించి, అదే పవర్‌తో అదే బ్యాండ్‌లో ట్రాన్స్‌మిట్‌ చేసి చూడండి. ఇప్పుడు తెగకపోతే డ్రైవర్‌ నిర్దోషి. కోయాక్స్‌ పైపొర మీదుగా ఆర్‌ఎఫ్‌ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటు వెనక్కి వచ్చి, రిగ్‌ చట్రం దాటి, యూఎస్‌బీ తీగలోకి దూరుతోందన్నమాట. అపార్ట్‌మెంట్‌ టెర్రస్‌ మీద చోటు చాలక ఎండ్‌-ఫెడ్‌ తీగ కట్టుకున్నవారికి ఈ బాధ ఎక్కువ. విడిగా కౌంటర్‌పాయిజ్‌ లేకపోతే కోయాక్స్‌ కవచమే యాంటెనాలో భాగమైపోతుంది.

‘నా ఎస్‌డబ్ల్యూఆర్‌ 1.2 ఉంది, యాంటెనాకేం లోటు?’ అని అడుగుతారు. ఎస్‌డబ్ల్యూఆర్‌ చెప్పేది మ్యాచింగ్‌ సంగతి మాత్రమే. కవచం పైన ఎంత కరెంటు పారుతోందో ఆ మీటరుకు తెలియదు. ‘ఇదే రిగ్‌, ఇదే యూఎస్‌బీ తీగ మిత్రుడి ఇంట్లో బాగానే పనిచేశాయి’ అన్నది ఇంకా గట్టి అభ్యంతరంలా వినిపిస్తుంది గానీ, అక్కడ మారింది యాంటెనాయే కాబట్టి అది నా మాటకే బలం. క్లిప్‌ ఫెర్రైట్‌ తగిలించినా లాభం లేదనేవారి అనుభవం నిజమే. హెచ్‌ఎఫ్‌లో ఒక్కసారి దూరిన తీగకు వచ్చే నిరోధం చాలా తక్కువ. అది దాదాపు చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది, మూడు చుట్లకు సుమారు తొమ్మిది రెట్లు. యూఎస్‌బీ ఐసోలేటర్‌ హమ్‌ తెచ్చే గ్రౌండ్‌ లూప్‌ను తెంపుతుంది, కానీ రేడియో ఫ్రీక్వెన్సీ దాని లోపలి కెపాసిటెన్స్‌ గుండా దాటిపోగలదు. మంచి కవచమున్న పొట్టి కేబుల్‌ వాడాల్సిందే, కాదనను. అయితే గదిలోకి వచ్చే ఆర్‌ఎఫ్‌ను అది ఆపలేదు. యూఎస్‌బీని వదిలితే మైకులోనో స్పీకర్లలోనో బయటపడుతుంది.

అందుకని ముందు రిగ్‌లో టైమ్‌-అవుట్‌ టైమర్‌ ఆన్‌ చేయండి. తర్వాత యాంటెనాకు కౌంటర్‌పాయిజ్‌ కట్టి, 31 మిక్స్‌ ఫెర్రైట్‌ రింగు మీద కోయాక్స్‌ను పది చుట్లు చుట్టండి. డ్రైవర్‌ జోలికి ఆ తర్వాతే వెళ్లండి.