పెద్దమనిషి మంచితనం – తీర్పులోని న్యాయం

అధికారంలో ఉన్న మనిషిని కథలోకి తెచ్చినప్పుడల్లా మన రచయితలకు ఒక చిక్కు ఎదురవుతూ ఉంటుంది. అతన్ని మంచివాడుగా చూపాలా, చెడ్డవాడుగా చూపాలా? తాసిల్దారు కావచ్చు, సర్కిల్ ఇన్‌స్పెక్టరు కావచ్చు, సర్పంచి కావచ్చు, బడి హెడ్మాస్టరే కావచ్చు. కథాగోష్ఠుల్లో దీనిమీద రెండు వాదనలు వినిపిస్తాయి. వ్యవస్థ దోపిడీ వ్యవస్థ గనక దాన్ని నడిపేవాణ్ణి మంచివాడుగా చూపడం పాఠకుల్ని భ్రమల్లో ముంచడమే అవుతుందన్నది మొదటి వాదన. మంచివాళ్లు అన్నిచోట్లా ఉంటారు, అధికారి అనగానే కోరమీసాలు తగిలించడం వాస్తవికత కాదన్నది రెండోది.

పైకి ఈ రెండూ ఎదురెదురు వాదనల్లా కనిపిస్తాయి. కానీ రెండింటి చేతిలోనూ ఉన్న కొలబద్ద ఒకటే. అధికారిని అతని వ్యక్తిగత గుణగణాలతో కొలవవచ్చునని ఇద్దరూ ఒప్పుకున్నారు. కొలిస్తే ఎంత తేలుతుందన్న దగ్గరే వారికి తగాదా. ఆ కొలబద్ద సరైనదేనా అన్నది అసలు ప్రశ్న. మన సాహిత్యంలోని మంచి రచనలు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పాయి. వాటిని మెచ్చుకున్నంతగా మనం వాటినుంచి నేర్చుకోలేదని నా అనుమానం.

కొన్నేళ్ల కిందట ఒక అధ్యయన తరగతిలో కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ చదివి చర్చించాం. చర్చ సగంలో ఒక కుర్రవాడు లేచి, “మాస్టారూ, శ్రీరాములునాయుడు లంచం తినలేదు. అబద్ధం చెప్పలేదు. ఎవరినీ కొట్టించలేదు. అప్పు తీసుకున్నవాణ్ణి తీర్చమన్నాడు. ఇందులో అతని తప్పేమిటి?” అన్నాడు. గది నిశ్శబ్దమయింది. ఎవరో, “అతను భూస్వామి” అన్నారు. కుర్రవాడికి ఆ జవాబు చాలలేదు. నిజానికి ఎవరికీ చాలకూడదు. అతను ఏ వర్గంవాడో చెప్పినంత మాత్రాన అతని తీర్పును పరీక్షించినట్టు కాదు.

1960ల నడుమ వెలువడిన ఆ కథ గురించి మన పత్రికల్లో చాలా చర్చ జరిగింది. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చాక ఆ కథ పాఠ్యాంశంలా స్థిరపడింది. అయితే చర్చలో ఎక్కువ భాగం కథ ముగింపు చుట్టూ తిరిగింది. సీతారాముడు తన కన్నబిడ్డను చంపి పెద్దల ముందుకు తేవడం సమంజసమా, అలా జరుగుతుందా అని వాదించుకున్నాం. ఆ చావుకు దారితీసిన తీర్పు చెప్పిన మనిషి ఎలాంటివాడన్న విషయం వెనకబడిపోయింది.

సుందరపాలెంలో శ్రీరాములునాయుడు ఊరు గౌరవించే పెద్ద. గాంధేయుడు. ఊరి బాగు కోరినవాడు. అప్పు ఇచ్చిన గోపన్న కూడా మన కథల్లో మామూలుగా కనిపించే రాక్షసి షావుకారు కాడు. అప్పల్రాముడు తీసుకున్న అప్పు బూటకం కాదు. అంటే రచయిత తన చేతికి అందివచ్చే తేలిక సాధనాలన్నింటినీ కావాలనే పక్కన పెట్టాడు. దొంగ పత్రం లేదు, లంచం లేదు, లాఠీ లేదు. తీర్పరి చెడ్డవాడైతే పాఠకుడు అతణ్ణి తిట్టుకొని, ఇంకో మంచి తీర్పరి కోసం ఎదురుచూస్తాడు. రామారావుగారు ఆ సౌకర్యాన్ని పాఠకుడికి ఇవ్వలేదు. ఉన్నవాళ్లలో మంచి పెద్దమనిషినే కూర్చోబెట్టి, అతని నోటినుంచే ఆ తీర్పు వచ్చేలా చేశారు.

ఆ తీర్పులో లోపమెక్కడుంది? అప్పల్రాముడు సభలో మాట్లాడకపోలేదు. ఊరు బాగుపడిందంటున్న కాలంలో తనలాంటివాళ్ల బతుకు ఎలా దిగజారిందో అతను ఏకరువు పెడతాడు. నాయుడు ఆ మాటలు అడ్డుకోడు. వింటాడు. కానీ విన్నది అతని తూకంలోకి రాదు. అప్పు ఉందా, లేదా? ఉంటే తీర్చాలి. అతని ధర్మం అడిగే ప్రశ్న ఇదొక్కటే. అప్పు ఎందుకు తీరలేదు, ఊరి అభివృద్ధి ఖర్చు ఎవరి నెత్తిన పడింది, ఈ తీర్పు అమలైతే రేపు ఎవరి పిల్లలు ఎవరి ఇంట కంబారితనం చెయ్యాలి అన్న ప్రశ్నలు అతని ధర్మంలో లేవు. నిజాయితీకి లోటు లేదు గాని, ఆ నిజాయితీ పనిచేసే హద్దుల్ని మాత్రం ఆస్తి నిర్ణయించింది.

కాబట్టి ఆ కుర్రవాడికి నేను చెప్పదలచిన జవాబు ఇది: నాయుడి శీలంలో తప్పు వెతకడం అనవసరం. శీలం వేరు, అర్హత వేరు. శీలం అన్నది తన అంతరాత్మతోనూ, తన సాటివారితోనూ మనిషి పెట్టుకున్న లెక్క. అధికారానికి అర్హత అన్నది తన మాట వల్ల నష్టపోయేవాళ్లతో అతను పెట్టుకోవలసిన లెక్క. మొదటి లెక్క సరిపోయింది గనక రెండోదీ సరిపోయినట్టేనని నాయుడు నమ్మాడు. ఊరు నమ్మింది. మనమూ చాలాకాలం నమ్మాం.

ఈ తేడాను ఇంకా ముందే పట్టుకున్నవాడు గురజాడ. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరిగి వచ్చిన ‘కన్యాశుల్కం’లో సౌజన్యారావు పంతులు అచ్చమైన మంచిమనిషి. ప్లీడరు, సంస్కర్త, వేశ్యల ముఖం చూడనన్న నియమం ఉన్నవాడు. అతని చేతిలో ప్రభుత్వాధికారం లేకపోయినా పదిమందిలో పలుకుబడి ఉంది. అతని సిఫారసుకు విలువ ఉంది. అంతటి మంచివాడు గిరీశాన్ని నమ్మాడు. ఎందుకు నమ్మాడు? గిరీశం తన భాష మాట్లాడాడు గనక. సంస్కరణ గురించి రెండు ఉపన్యాసాలు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చాలు, చదువుకున్న మంచివాడు సాటివాణ్ణి గుర్తించినట్టే అనుకుంటాడు.

గిరీశం అసలు రూపం తెలిసిన మనిషి మధురవాణి. చేయని హత్యకు నిందపడ్డ లుబ్ధావధాన్లను బయటపడేసే సంగతి కూడా ఆమె దగ్గరే ఉంది. పెళ్లికూతురుగా వచ్చింది మొగపిల్లవాడే గనక ఆ హత్య జరగనే లేదు. కానీ సౌజన్యారావు నియమం ప్రకారం ఆమె అతని గుమ్మం తొక్కడానికి వీల్లేదు. అందుకే మగవేషం వేసుకుని రావలసివచ్చింది. గురజాడ ఇక్కడ మంచితనాన్ని వెక్కిరించలేదు. సౌజన్యారావు మంచివాడేనని మధురవాణికీ తెలుసు, ఆఖరున అతని నియమం చెడకుండా కాపాడింది కూడా ఆమే. కానీ అతని నియమమే అతనికీ సత్యానికీ మధ్య గోడై నిలిచిందన్న సంగతిని నాటకం మనముందు ఉంచుతుంది. ఎవరి సాక్ష్యాన్ని లోపలికి రానివ్వడో, సాక్ష్యం వాళ్ల దగ్గరే ఉంది. పెద్దమనిషి ఎవరి మాట వింటాడు అన్న ప్రశ్న అతను ఎలా బతుకుతాడు అన్న ప్రశ్నకంటే తక్కువది కాదు.

తెలంగాణ దొరల జీవితాన్ని తీసుకున్న దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో ఇదే సమస్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. దేశ్‌ముఖ్ రామారెడ్డి సంగీతం ఎరిగినవాణ్ణి ఆదరిస్తాడు. ఊరికి కొత్తగా వచ్చిన సారంగపాణికి ఆ గడీలో మర్యాద దొరుకుతుంది. అతిథిగా చూస్తే దొర రసికుడు, ఉదారుడు. అదే గడీలో ఆడబాపగా బతికే వనజ వైపునుంచి చూస్తే ఆ రసికతకు అర్థం వేరు. దొర ఒక్కడే, గడీ ఒక్కటే. మనిషిని ఏ గుమ్మంలో నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి అతని గుణం మారిపోతోంది. సారంగపాణికి దొరికిన మర్యాదను దొర గుణంగా లెక్కలో వేసి, వనజ బతుకును ఆచారం ఖాతాలో వేస్తే ఆ విమర్శ గడీ దస్త్రంలో చేరుతుంది.

వనజకు దక్కని నోరు రావిశాస్త్రి చేతిలో ముత్యాలమ్మకు దక్కింది. మద్యనిషేధం నాటి విశాఖను చూపే ‘ఆరు సారా కథలు’లో ‘మాయ’ ఒకటి. అందులో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ చదువుకున్న కుర్ర ప్లీడరుకు పోలీసుల సంగతీ, కోర్టుల సంగతీ విడమరిచి చెబుతుంది. న్యాయశాస్త్రం చదివినవాడు విద్యార్థి అవుతాడు, ముద్దాయి గురువవుతుంది. ఏ ఉద్యోగి మంచివాడు, ఏ ఉద్యోగి చెడ్డవాడు అన్న జాబితా కాదు ఆమె ఇచ్చేది. ఎవరి పొట్ట ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలి, డబ్బు ఏ దారిన కిందినుంచి పైకి పోతుంది అన్నది ఆమె లెక్క. కిందనున్న మనిషికి ఆ జ్ఞానం సరదాకు వచ్చింది కాదు, దెబ్బలు తిని సంపాదించుకున్నది.

ఇక్కడ మనవాళ్లే ఒక అభ్యంతరం చెబుతారు. “అలాగైతే వ్యక్తిని విచారించడమెందుకు? అంతా వ్యవస్థే గదా” అని. ఈ మాట విప్లవాత్మకంగా వినిపిస్తుంది గాని, దీన్ని అందరికంటే ఎక్కువగా వాడుకునేది అధికారులే. “నాదేముంది, రూల్సు అలా ఉన్నాయి” అన్న మాట కచేరీ గుమ్మం ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. వ్యవస్థ పేరు చెప్పి వ్యక్తిని వదిలేస్తే అదే సాకును మనం సిద్ధాంతంగా మార్చి అతని చేతికి ఇచ్చినట్టవుతుంది. లంచగొండికీ లంచం తిననివాడికీ తేడా లేదనడం కూడా పేదవాడి పక్షాన మాట్లాడటం కాదు. లంచం ఇచ్చుకోలేక పని జరగనివాడికి ఆ తేడా బాగా తెలుసు.

నాయుడి ముందు రెండు దారులున్నాయి. తన ధర్మం అడిగే ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోవడం ఒకటి. అప్పల్రాముడు చెప్పినదాన్ని సాక్ష్యంగా తీసుకుని, తన ధర్మాన్నే ప్రశ్నించుకోవడం రెండోది. రెండోదారి కష్టమైనదే గాని, అతని కంటికి కనబడనిది కాదు. అప్పల్రాముడు అంతసేపు మాట్లాడాడు గదా! ఎదురుగా ఉన్న ఆ దారిని ఎంచుకోకపోవడంలోనే వ్యక్తిగా అతని బాధ్యత ఉంది. వ్యవస్థ మనిషికి కుర్చీని, కొలబద్దను ఇస్తుంది. ఆ కొలబద్దను అనుమానించడం మనిషి చేయవలసిన పని.

ఇది పాత కథల ముచ్చట కాదు. మునసబు, కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. కుర్చీల పేర్లు మారాయి, కూర్చునేవాళ్లలో కొందరు మారారు. కాని “మంచి ఆఫీసరు వచ్చాడు, ఇక ఫర్వాలేదు” అన్న ఆశ మారలేదు. మన సినిమాలు దాన్ని పెంచి పోషించాయి. మన కథలు కూడా తక్కువ తినలేదు. నిజాయితీపరుడైన అధికారి వచ్చి, దుర్మార్గులతో పోరాడి, చివరికి బదిలీ అవుతాడు. పాఠకుడు కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఆ అధికారి ఎవరికోసం పోరాడాడో ఆ జనం కథ పొడుగునా బల్లకు అవతల చేతులు కట్టుకుని నిలబడే ఉంటారు. వాళ్లకు పేర్లుండవు. అతను వెళ్లిపోయాక వాళ్లేమయ్యారో కథ చెప్పదు. కథ అంతా ఒక ఉద్యోగి శీల పరీక్షగా ముగుస్తుంది.

అధికార పాత్రను మలిచే రచయిత మంచీచెడ్డా తేల్చడానికి ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఈ మనిషి తీర్పు ఖర్చు ఎవరు భరిస్తారు? భరించేవాళ్ల మాట అతనికి సాక్ష్యమా, వట్టి మొరా? ఇవి తేలితే అతను సౌమ్యుడైనా, కోపిష్టి అయినా కథకు నష్టం లేదు. ఇవి తేలకుండా ఎన్ని సుగుణాలు అంటగట్టినా, ఎన్ని దుర్గుణాలు తగిలించినా అది పాత్రచిత్రణ కాదు, ఉద్యోగులకిచ్చే నడవడి పత్రం.

విమర్శకులుగా మన పని కూడా ఇదే. ఇకమీదట ఎవరైనా ఒక మంచి అధికారిని కథగా తెచ్చి చదివితే, ఆ పాత్ర మంచితనం సహజంగా ఉందా లేదా అన్న దగ్గర ఆగవద్దు. ఆ కథలో అప్పల్రాముడు ఎక్కడున్నాడు, ఎంతసేపు మాట్లాడాడు, అతను మాట్లాడాక ఏమి మారింది అని కూడా అడుగుదాం.