గోధుమ నురుగు తెల్లబడే దాకా

దేవరాపల్లి, చోడవరం మధ్య తిరిగే బండి టైరు మీద మురికి ఒక్క రకంగా ఉండదు. పైపైన ఎర్రమట్టి. దాని కింద, చెరకు కొట్టే రోజుల్లో ట్రాక్టర్లు పొలంలోంచి తెచ్చి తారురోడ్డు మీద రాల్చిపోయే బురద, ఎండి బిగిసిపోయి. ఇంకా కింద బ్రేకులు అరిగి రాలిన నల్లటి పొడి, అక్కడక్కడా ఎండకి మెత్తబడి అంటుకున్న తారు చుక్కలు. అన్నిటికన్నా అడుగున, ఎప్పుడో దసరాకి బండిపూజ చేసినప్పుడు నిగనిగలాడాలని పూసి మరిచిపోయిన టైరు పాలిష్. సర్వీసింగ్ షెడ్డులో గన్‌తో నీళ్లు కొడితే మట్టీ బురదా పోతాయి. తక్కినవి పోవు. వాటిని దించడానికి చెయ్యి కావాలి, బ్రష్షు కావాలి, టైరు ఎలా తయారైందో కొంతైనా ఎరిగిన మనిషి కావాలి.

ముందు ఆ టైరు సంగతి. నేలను తాకే మందపాటి భాగం ట్రెడ్. రిమ్ములో గట్టిగా కూర్చునే అంచు బీడ్, దాని లోపల ఉక్కు తీగల కట్ట ఉంటుంది. ఈ రెంటికీ మధ్య కనిపించే పక్కభాగమే సైడ్‌వాల్. కడిగేవాడి పని ఎక్కువగా దీని మీదే. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా సైడ్‌వాల్‌లోని ప్రతి చోటూ నేల దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి ఉబ్బి వంగుతుంది, పైకి పోగానే మళ్లీ సర్దుకుంటుంది. ఇన్నిసార్లు వంగాలి కనుకనే అక్కడ రబ్బరు ట్రెడ్ కన్నా బాగా పలచన. దాని మీదే కంపెనీ పేరు, సైజు, ఎంత బరువు మోయగలదో చెప్పే అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. చుట్టూ వలయాల్లా గీతలుంటాయి. కొత్త టైరుకైతే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా. అచ్చులో గాలి బయటికి పోవడానికి పెట్టిన రంధ్రాల్లోకి రబ్బరు చొరబడి గట్టిపడితే మిగిలే ముక్కలవి. అక్షరం అంచున, గీత అడుగున, వెంట్రుక మొదట్లో పాత పాలిష్ పేరుకుంటుంది. చదునుగా ఉన్న చోటు గుడ్డతో తుడిచినా శుభ్రపడుతుంది. పనితనం తేలేది ఈ మూలల్లోనే.

రబ్బరుకి నలుపు పుట్టుకతో వచ్చింది కాదు. తొలినాళ్ల టైర్లు తెల్లగా, పాలిపోయినట్టు ఉండేవి. 20వ శతాబ్దం మొదట్లో కార్బన్ బ్లాక్ అనే మెత్తటి మసిపొడి కలపడం మొదలయ్యాకే టైరు నల్లబడింది, అరుగుదల తగ్గి ఎక్కువ కాలం నిలిచింది. ఇవాళ్టి కారు టైరు బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ పొడే ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేదీ అదే. అయితే దానికి లొంగని శత్రువు ఒకటుంది, గాలిలోని ఓజోన్. వంగి సాగిన రబ్బరును అది అణువుల స్థాయిలో కోస్తుంది. పాత టైరు పక్కల వలలా కనిపించే సన్నటి బీటలు చాలామటుకు దాని పనే. దీనికి తయారీదారులు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. రబ్బరు కలిపేటప్పుడే కొంచెం మైనం, 6 పీపీడీ లాంటి ఓజోన్ నిరోధకం కలుపుతారు. అవి లోపల ఊరికే పడి ఉండవు. టైరు వంగుతూ లేస్తూ ఉంటే మెల్లగా పైకి ఊరుతూ వస్తాయి. మైనం పలచటి పొరగా పరుచుకుంటుంది. నిరోధకమేమో రబ్బరు కన్నా ముందు తానే ఓజోన్‌కి ఎదురెళ్లి ఖర్చైపోతుంది. అలా ఖర్చైపోయిన మందే టైరు మీద గోధుమరంగు పొడలా తేలుతుంది.

అంటే ఆ గోధుమరంగు పూర్తిగా మురికి కాదు. టైరు తనను తాను కాపాడుకున్న ఆనవాలు కూడా. దాన్ని ఒక్క మరక మిగలకుండా గీకెయ్యాలని పట్టుబట్టేవాడికి ఈ పని రాదనే అంటాను. ఎంత తోమినా లోపలి నుంచి మళ్లీ ఊరుతుంది, ఊరాలి కూడా. తియ్యాల్సిందల్లా దుమ్ముతో, పాత పాలిష్‌తో కలిసి ముద్దకట్టిన పొర.

ఆ పాలిష్‌లో సాధారణంగా మెరుపునిచ్చేది సిలికాన్ నూనె. కొన్నిటిలో దాన్ని నీళ్లలో కలుపుతారు, ఇవి పాలలా తెల్లగా ఉంటాయి. మరికొన్నిటిలో పెట్రోలియం ద్రావకంలో కలుపుతారు, ఇవి జిడ్డుగా, అద్దంలా మెరుస్తాయి. రెండూ ఆరాక దుమ్మును పట్టుకుంటాయి. దుమ్ము మీద మళ్లీ పాలిష్, దాని మీద మళ్లీ దుమ్ము. నాలుగైదు పూతలయ్యాక టైరు నలుపూ కాదు, గోధుమా కాదు, ఏదో వాడిన రంగులో పడుతుంది. పైగా సిలికాన్ నీటిని దగ్గరికి రానివ్వదు. సబ్బునీళ్లు దాని మీద నిలవక జారిపోతాయి. పాత పాలిష్ మొండిది కావడానికి ఇదే కారణం. మొదటి తోముడు ఎప్పుడూ వృథా పోయినట్టే అనిపిస్తుంది. అది తక్కిన తోముళ్లకి దారి తెరుస్తుంది, అంతే.

పని నీడలో మొదలవ్వాలి. టైరు ముట్టుకుంటే చల్లగా ఉండాలి. ఎండలో నిలిపిన బండి మీద మందు చల్లితే తోమేలోపే ఆరిపోయి తానే ఒక మరకవుతుంది. ముందు మడ్‌గార్డు లోపల నీళ్లు కొడతారు, లేకపోతే కడిగిన టైరు మీద పైనుంచి బురద రాలుతుంది. తర్వాత టైరు మీద. ఇక్కడ గన్ పట్టుకున్న చేతికి నిగ్రహం కావాలి. ప్రెషర్ వాషర్లతో వచ్చే సూచన పుస్తకాల్లో టైరుకీ వాల్వుకీ కనీసం 30 సెంటీమీటర్ల దూరం పాటించమని రాసి ఉంటుంది. సన్నటి ధార దగ్గర నుంచి తగిలితే సైడ్‌వాల్ దెబ్బతింటుంది. రబ్బరు రంగు మారడం దానికి తొలి గుర్తు. ఆ దెబ్బ ఆరోజు కనిపించకపోవచ్చు.

అప్పుడు మందు. క్షారగుణమున్న టైరు క్లీనర్ కానీ, జిడ్డు తీసే ద్రావణం కానీ. ఒక్కో చక్రానికి విడిగా చల్లాలి. నాలుగింటికీ ఒకేసారి చల్లితే మొదటిది తోముతుండగా నాలుగోది ఆరుతుంది. చల్లాక అర నిమిషం, నిమిషం ఆగాలి. జిడ్డు వదులవడానికి ఆ వ్యవధి చాలు. తర్వాత గట్టి నైలాన్ బ్రష్షు. ఇనుప తీగల బ్రష్షు తొందరగా తీస్తుంది కానీ రబ్బరును గీరుతుంది. ఆ గీతల్లోనే రేపటి మురికి కాపురం పెడుతుంది.

తోముడులో వరస ఉంది. మొదట చిన్న చిన్న సున్నాలు చుడుతూ సైడ్‌వాల్ అంతా ఒక చుట్టు. తర్వాత వలయపు గీతల వెంబడే సాగుతూ ఇంకో చుట్టు. చివరికి చిన్న బ్రష్షుతో అక్షరాల అంచులు, రిమ్మును ఆనుకున్న సందు. బండి నిలిచి ఉన్నప్పుడు నేలకు ఆనిన ముక్క, మడ్‌గార్డు చాటున పడిన ముక్క బ్రష్షుకి అందవు. తెలిసినవాడు బండిని అర చుట్టు ముందుకు జరిపి ఆ భాగం కూడా పూర్తిచేస్తాడు. బైకైతే సెంటర్ స్టాండు వేసి చక్రాన్ని చేత్తో తిప్పుతాడు. ఇంజిన్ ఆన్ చేసి గేరులో తిప్పుతూ తోమేవాళ్లనూ చూస్తుంటాం. చైనుకీ స్పోకులకీ మధ్య వేళ్లు పోవడానికి అంతకన్నా దగ్గర దారి లేదు.

చూడాల్సిన అసలు ముచ్చట నురుగు. మొదటిసారి తోమినప్పుడు బ్రష్షు కింద నురుగు డికాషన్ రంగులో దిగుతుంది. చూసిన యజమాని కంగారుపడతాడు. "అది టైరు రంగు కాదండి బాబూ, పాత పాలిషు దిగతంది" అన్న మాట ఈ షెడ్లలో తరచూ వినబడేదే. కడిగి, మళ్లీ మందు చల్లి తోమితే నురుగు కాస్త పలచనవుతుంది. ఎక్కువ పూతలున్న టైరుకి మూడోసారీ నాలుగోసారీ కూడా తప్పదు. నురుగు మాసిన తెలుపుకి వచ్చినప్పుడు ఆపాలి. కొలిచే పరికరమేదీ లేని చోట ఈ రంగే కొలత. దీనికి తోడు మరో రెండు పరీక్షలున్నాయి. తడి వేలితో రుద్దితే వేలు జారకుండా పట్టుకోవాలి, కొంచెం కీచుమనాలి. ఆరాక తెల్లగుడ్డతో గట్టిగా తుడిస్తే గుడ్డ మీద గోధుమ చార పడకూడదు. మూడూ కుదిరితే పాత పాలిష్ పోయినట్టే. అప్పుడు టైరు మెరవదు. పలక మీద తుడిచిన చోటులా మెరుపు లేని నలుపుతో ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చినప్పటి రంగుకి అదే దగ్గర.

శుభ్రమైన సైడ్‌వాల్ చదవడానికి వీలవుతుంది, ఇది పైకి కనబడని లాభం. డాట్ అన్న అక్షరాల వెంట వచ్చే సంకేతం చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాడికి అమ్మేవాడి మాట కన్నా ఈ అంకెలు నయం. ఓజోన్ బీటలు బయటపడతాయి. ఎక్కడైనా గుడ్డులా ఉబ్బితే లోపలి దారాలు తెగాయన్నమాట. ఆ టైరును ఇంక తోమడం దండగ, మార్చాలి. మంచి పనివాడు బ్రష్షు తిప్పుతూనే ఇవన్నీ చూసి యజమానికి చెబుతాడు. దానికి వేరే కూలి ఎవరూ ఇవ్వరు.

తొందర దారులు లేకపోలేదు. కిరోసిన్‌తో తుడవడం, డీజిల్ కొట్టడం, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం. పూసిన రోజు టైరు కాటుకలా ఉంటుంది. కానీ పెట్రోలియం నూనెలు రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తాయి. లోపల దాచిన మైనాన్నీ నిరోధకాన్నీ కూడా లాగేస్తాయి. జాగ్రత్తగా తోమిన చెయ్యి టైరులో ఏది మిగిల్చిందో, ఈ పూత సరిగ్గా దాన్నే దోచుకుంటుంది.

దిగిన గోధుమనీళ్ల విషయం కూడా ఆలోచించాలి. 2020లో అమెరికా పరిశోధకులు ఒక సంగతి ప్రకటించారు. వాషింగ్టన్ రాష్ట్రంలో వానలు పడ్డాక వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుంపులుగా చచ్చిపోవడానికి కారణం ఈ 6 పీపీడీ ఓజోన్‌తో కలిసి మారినప్పుడు పుట్టే పదార్థమేనట. అక్కడ ముఖ్యంగా అది టైర్లు అరిగి రాలిన పొడి నుంచి వచ్చింది, కడుగుడు నుంచి కాదు. మన చేపల మీద ఆ లెక్క యథాతథంగా చెల్లదు, చేపకీ చేపకీ తట్టుకునే శక్తిలో చాలా తేడా ఉంది. అయినా ఈ ప్రాంతపు రైవాడ జలాశయం శారదా నది మీదిది, విశాఖ నగరం తాగే నీళ్లలో దాని వాటా ఉంది. బురదను తడపకముందే పుల్లతో గీకి పక్కకి పోయడం, ధారకి బదులు బకెట్ నీళ్లతో కడగడం, షెడ్డు నీళ్లు నేరుగా కాలవలోకి పోకుండా ఒక గుంటలో నిలిపి తేర్చడం పెద్ద ఖర్చుతో కూడినవేం కావు.

చివరగా కొత్త పూత, కావాలనుకుంటేనే. టైరు పూర్తిగా ఆరాలి. గీతల్లో నీరుంటే పాలిష్ పట్టదు. నీళ్లలో కలిపిన రకం స్పాంజి మీద కొద్దిగా వేసుకుని పలచగా రాయాలి, కాసేపాగి మిగులును గుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోతే చక్రం వేగం అందుకోగానే ఆ చుక్కలు ఎగిరి బండి పక్కలంతా పడతాయి. పాలిష్ సైడ్‌వాల్‌కే. ట్రెడ్‌కి తగలకూడదు, బ్రేకు డిస్కుకి అసలే తగలకూడదు. బైకు మలుపులో పక్కకి వంగినప్పుడు టైరు భుజం దాకా నేలను తాకుతుంది. కాబట్టి బైకు టైరుకి పాలిష్ వద్దనేవాడే దాని మేలు కోరినవాడు. ట్రాక్టరుకైతే ఈ ప్రసక్తే లేదు. పెద్ద గాళ్లలో ఇరుక్కున్న మట్టిని పుల్లతో పొడిచి తీసి, ఒకసారి నీళ్లు కొట్టి పంపేస్తారు. సాయంత్రానికి అది మళ్లీ చెరకు తోటలోనే ఉంటుంది.