తగ్గడం, తగ్గించడం: అర్థశాస్త్ర బోధనలో తెలుగు వాక్యం
(ఏనుమాముల మార్కెట్ వ్యవహారం ఆధారంగా ఒక పరిశీలన)

తెలుగులో అర్థశాస్త్ర బోధనపై వచ్చిన విమర్శ సాధారణంగా పరిభాష దగ్గరే ఆగిపోతుంది. ‘ఉపాంత ప్రయోజనం’, ‘ఉదాసీనతా వక్రరేఖ’, ‘డిమాండ్ వ్యాకోచత్వం’, ‘ద్రవ్యత్వాభిరుచి’ వంటి మాటలు కొరుకుడు పడవని కొందరు అంటారు. అవి లేనిదే శాస్త్రం చెప్పడం సాధ్యం కాదని మరికొందరు అంటారు. ఈ వాదం పదం చుట్టూ తిరుగుతుందే తప్ప వాక్యం జోలికి పోదు. పాఠ్యపుస్తకానికీ ప్రజావ్యవహారానికీ మధ్య ఎడం పదంలో కన్నా వాక్యంలోనే ఎక్కువగా ఉంది. వరంగల్లులోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ నుడినీ, తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాల శైలినీ, పత్రికల మార్కెట్ వార్తలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

1. పరిభాష నేపథ్యం

ఆధునిక అర్థశాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్న సంకల్పం పాతదే. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర, విజ్ఞానశాస్త్రాలతో పాటు అర్థశాస్త్రానికీ చోటిచ్చి, కట్టమంచి రామలింగారెడ్డి గ్రంథాన్ని ప్రచురించింది. ఆ ప్రయత్నం తరగతి గదిని కాక సామాన్య పాఠకుణ్ణి ఉద్దేశించినది. తెలంగాణలో తరగతి గది చరిత్ర వేరు. 1917లో నెలకొన్న అనువాద సంస్థ దారుల్ తర్జుమా, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో నడిపాయి. ఆ తరంలో ఈ ప్రాంతం నుంచి ఉస్మానియాకు వెళ్లిన విద్యార్థి అర్థశాస్త్రాన్ని ‘మాషియాత్’ పేరుతో చదువుకున్నాడు. తరువాతి తరానికి అది ఇంగ్లీషులో వచ్చింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాక తెలుగులోకి మారింది. ఒకే ఊరివాళ్లు మూడు తరాల్లో మూడు భాషల్లో నేర్చిన శాస్త్రం ఇది. ఆ మూడింటిలో ఏదీ ఆ ఊరి అంగడి భాష కాదు.

తెలుగు అకాడమి చేసిన పని చిన్నది కాదు. ఇంటర్మీడియట్ నుంచి పట్టభద్ర స్థాయి దాకా పాఠ్యగ్రంథాలను, శాస్త్ర శాఖలవారీగా పారిభాషిక పదకోశాలను అది సమకూర్చింది. గ్రామాల నుంచి వచ్చిన మొదటి తరం విద్యార్థులు పట్టభద్రులు కావడంలో ఆ పుస్తకాల పాత్ర కాదనరానిది. అయితే పదసేకరణలో ఆ కాలానికే మరొక మార్గం కళ్ల ముందుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటినుంచే సేకరించింది. ఒక వృత్తికి చెందిన జ్ఞానం ఆ వృత్తివారి భాషలో ఇమిడి ఉంటుందన్నది ఆ సేకరణకు మూలసూత్రం. అర్థశాస్త్ర పరిభాష ఈ దారి పట్టలేదు. ఇంగ్లీషు పదం ముందు పెట్టుకొని, దానికి దీటైన సంస్కృత సమాసం కట్టడమే ప్రధాన పద్ధతి అయింది.

2. యార్డు నుడి

ఏనుమాముల యార్డులో పత్తి, మిర్చి, పసుపు, మొక్కజొన్న వంటి పంటల క్రయవిక్రయాలు సాగుతాయి. ఇక్కడి వ్యవహారంలో ప్రతి పనికీ ఒక మనిషి ఉన్నాడు, ప్రతి మనిషికీ ఒక పేరుంది. సరుకు తెచ్చేది రైతు. దాన్ని తన ముంగిట దింపించుకొని కమీషన్‌పై అమ్మిపెట్టేది అడ్తిదారు. కొనేది ఖరీదుదారు. కాంటా వేసేది దడువాయి. బస్తా మోసేది హమాలీ. లెక్క తేల్చి చేతికిచ్చే కాగితం తక్‌పట్టీ. పొద్దున జరిగే ‘జెండా పాట’లో ఆనాటి గరిష్ఠ ధర పలుకుతుంది. ఆ తరువాత ఒక్కో రాశి దగ్గర ఒక్కో ధర కుదురుతుంది. బరువులో తీసేది ‘తరుగు’, ధరలో తీసేది ‘కోత’.

ఈ పదజాలంలో సంస్కృతం తక్కువ. ఉర్దూ, దాని ద్వారా వచ్చిన అరబ్బీ, పారసీ మాటలు ఎక్కువ. అయినా దీని ప్రత్యేకత పదమూలాల్లో లేదు, క్రియల్లో ఉంది. తెలుగు ధాతువుల్లో తగ్గు–తగ్గించు, పెరుగు–పెంచు, పడు–పడగొట్టు, కుదురు–కుదుర్చు వంటి అకర్మక, సకర్మక జంటలు ఉన్నాయి. యార్డులో రైతు ఈ రెంటినీ వాడతాడు, కానీ ఒకదాని బదులు మరొకటి వాడడు. “రేటు తగ్గింది” అంటే లోకం మీద ధర లేదని అర్థం. “రేటు తగ్గించిన్రు” అంటే ఎదుటనున్నవాళ్లు చేసిన పని అని అర్థం. మొదటి వాక్యంలో కర్త ధర. రెండో వాక్యంలో కర్త మనుషులు.

ఈ వ్యాకరణ భేదం అర్థశాస్త్రంలోని ఒక మౌలిక ప్రశ్నను మోస్తున్నది. ధరను సరఫరా, గిరాకీలు నిర్ణయిస్తున్నాయా, లేక బేరమాడే శక్తి నిర్ణయిస్తున్నదా అన్నదే ఆ ప్రశ్న. అమెరికా అంతర్యుద్ధకాలంలో (1861–65) భారతదేశపు పత్తికి ధర పెరిగింది, యుద్ధం ముగిశాక పడిపోయింది. అది తగ్గడం. కొద్దిమంది ఖరీదుదారులు ఒక మాట మీద నిలిచి పాట పైకి పోనివ్వకపోతే అది తగ్గించడం. 1776లో వెలువడిన ఆడమ్ స్మిత్ గ్రంథం ఈ రెంటినీ ఎరుగును. అదృశ్య హస్తాన్ని ప్రస్తావించిన ఆ పుస్తకమే, ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు కలుసుకుంటే ఆ మాటలు ధరలు పెంచే ఉపాయంగా ముగియడం కద్దని కూడా హెచ్చరించింది.

3. కర్త లేని వాక్యం

పాఠ్యపుస్తకంలో ఇదే విషయం “డిమాండ్, సప్లయిలు సమానమైన బిందువు వద్ద సమతౌల్య ధర నిర్ణయించబడుతుంది” అన్న తరహా వాక్యంగా మారుతుంది. తెలుగు వాడుకలో కర్మణి ప్రయోగం అరుదు. ఇంగ్లీషు శాస్త్రగ్రంథాల అనువాదం వల్ల ‘బడు’ ధాతువు పాఠ్యపుస్తకాల్లో ఇల్లు కట్టుకుంది. వేతనం చెల్లించబడుతుంది, పన్ను విధించబడుతుంది, రుణం మంజూరు చేయబడుతుంది. ఎవరు చెల్లిస్తారు, ఎవరు విధిస్తారు, ఎవరు మంజూరు చేస్తారు అన్న ప్రశ్నలకు వాక్యంలో చోటే లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. సంపూర్ణ పోటీ నమూనాలో కర్త లేకపోవడం రచయిత లోపం కాదు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అసంఖ్యాకంగా ఉన్నప్పుడు ఏ ఒక్కరూ ధరను శాసించలేరన్నదే ఆ నమూనా సారం. అక్కడ ‘ధర నిర్ణయమవుతుంది’ అనడమే సరైన వాక్యం. చిక్కల్లా ఆ వాక్యం నమూనా దాటి అన్ని అధ్యాయాలకూ పాకడం వల్ల వచ్చింది. ఏకస్వామ్యం, పరిమితస్వామ్యం, వ్యవసాయ మార్కెటింగ్, గ్రామీణ పరపతి, అన్నీ అదే కర్మణిలో నడుస్తాయి. శక్తి గల మనుషులున్న అధ్యాయమూ, ఎవరి చేతిలోనూ శక్తి లేని అధ్యాయమూ చదవడానికి ఒకేలా ఉంటాయి. అప్పుడు ‘సంపూర్ణ పోటీ’, ‘పరిమితస్వామ్యం’ అన్న పదాలు కంఠస్థమవుతాయే గాని వాటి మధ్య భేదం మనసుకెక్కదు.

రైతు బిడ్డకు జరిగే నష్టం ఇదే. ఇంట్లో అతడు తగ్గడం, తగ్గించడం మధ్య తేడా తెలిసిన భాష వింటాడు. తరగతిలో ఆ తేడాను చెరిపేసే భాష నేర్చుకుంటాడు. చదువు అతని తెలివికి కొత్త పదును పెట్టాలి. ఈ శైలి మాత్రం ఉన్న పదునును మొద్దుబారుస్తున్నది.

4. పత్రిక వాక్యం, పాట వాక్యం

తరగతి బయట అర్థశాస్త్రాన్ని ప్రజలకు చేర్చేది దినపత్రిక. అక్కడ కర్మణి ఉండదు; దాని స్థానంలో ఆరోపం ఉంటుంది. ధరలకు రెక్కలు వస్తాయి, రూపాయి విలవిల్లాడుతుంది, మార్కెట్ కుప్పకూలుతుంది, మిర్చి ఘాటెక్కుతుంది, తెల్లబంగారం వెలవెలబోతుంది. ఈ శీర్షికల్లో ప్రాణముంది, కాని ఆ ప్రాణం వస్తువుకు పోసినది. పాఠ్యపుస్తకం కర్తను దాచిపెడితే, పత్రిక ధరనే కర్తగా నిలబెడుతుంది. రెండు చోట్లా మనిషి కనిపించడు. 1991 తరువాత వ్యాప్తిలోకి వచ్చిన ‘సంస్కరణలు’ అన్న మాట కూడా పరిశీలించదగ్గది. వీరేశలింగం కాలం నుంచి సంఘసంస్కరణతో ముడివడిన గౌరవాన్ని ఆ మాట వాదన అవసరం లేకుండానే ఆర్థిక విధానానికి తెచ్చిపెట్టింది. తెలుగు అకాడమి తొలి అధ్యక్షుడూ, 1991లో ఆ విధానాలను అమలు చేసిన ప్రధానమంత్రీ వరంగల్ జిల్లాలో పుట్టిన పి.వి.నరసింహారావే కావడం ఈ రెండు భాషల చరిత్రను ఒక్క జీవితంలో కలిపింది.

పాట దారి దీనికి భిన్నం. తెలంగాణ ఉద్యమగేయ సంప్రదాయం వెట్టి, నాగు, వడ్డీల కాలం నుంచి ప్రపంచీకరణ దాకా దోపిడీని పేరుపెట్టి పిలిచింది. పాఠ్యపుస్తకం పోగొట్టిన కర్తను పాట తిరిగి తెచ్చింది. ప్రజల్లో ఆర్థిక చైతన్యం కలిగించడంలో ఏ పాఠ్యగ్రంథమూ పాటకు సాటి రాలేదు. అయితే పాట స్వభావం కర్తను ఒక్కణ్ణి చేస్తుంది. దొర, షావుకారు, విదేశీ కంపెనీ అంటూ వేలు ఒకే వైపు చూపుతుంది. ధర లోకం మీదనే తగ్గిన సంవత్సరంలోనూ పాటలో అది తగ్గించడమే అవుతుంది. పాఠ్యపుస్తకంలో అన్నీ వాటంతట అవే జరుగుతాయి, పాటలో అన్నీ ఒకరు చేసినవే. యార్డు నుడి ఈ రెంటికీ మధ్య నిలుస్తుంది.

1997–98 పంటకాలం ఈ భాషలన్నిటికీ పరీక్ష పెట్టింది. నాటి ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పెద్ద సంఖ్యలో ఆత్మహత్యలు చేసుకున్నారు. పాఠ్యపుస్తక భాషలో అది ‘సంస్థాగత పరపతి కొరత’. పత్రిక భాషలో పురుగు కాటు. పాటలో ద్రోహం. మూడింటిలోనూ నిజం ఉంది, కాని మూడూ జరిగిన క్రమాన్ని చెప్పవు. విత్తనం, పురుగుమందు అప్పుగా ఇచ్చిన వ్యాపారే సాగు సలహాదారు కూడా అయ్యాడు. మందు కొట్టినా లద్దెపురుగు చావలేదు. మళ్లీ మందుకు మళ్లీ అప్పు అయింది. దిగుబడి పడిపోయింది. వచ్చిన కొద్ది పత్తి అప్పిచ్చినవాడి ద్వారానే అమ్మవలసి వచ్చింది. ఈ గొలుసులో కొన్ని లంకెలు జరిగినవి, కొన్ని చేసినవి. ఏది ఏదో విడదీసి చెప్పగల వాక్యమే అర్థశాస్త్రం నేర్పవలసిన వాక్యం.

5. పదం బయటికి రాని చోటు

పరిభాష నిరర్థకమని దీని భావం కాదు. సంస్కృత పదమే ప్రజలకు అక్కరకు వచ్చే సందర్భాలూ ఉన్నాయి. మార్కెట్ ధరల పట్టికల్లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ‘మోడల్ ధర’ అని ఒకటి కనిపిస్తుంది. ‘మోడల్’ అన్నది ఇక్కడ నమూనా కాదు, ఆదర్శమూ కాదు. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో ఆ ధర. సాంఖ్యకశాస్త్రంలో దీనికి ‘బాహుళకం’ అన్న చక్కని మాట ఉంది. విద్యార్థి ఆ మాటతో లెక్కలు చేసి మార్కులు తెచ్చుకుంటాడు. యార్డు బోర్డు మీది అంకె అదేనని అతనికి ఎవరూ చెప్పరు. పత్రికలో జెండా పాట ధర చూసి సరుకు తెచ్చిన రైతుకు ఆ ధర ఒక మేలిరకం రాశిదేనని, బాహుళక ధర దానికి దిగువన ఉండవచ్చునని తెలిస్తే ఆశకూ అంచనాకూ మధ్య దూరం తగ్గుతుంది. ఇక్కడ లోపించినది పదం కాదు, పదాన్ని గడప దాటించే వాక్యం.

తేమ శాతం మరొక ఉదాహరణ. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు 8 శాతం తేమ దాకా పూర్తి ధర ఇస్తుంది. ఆపైన 12 శాతం దాకా పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోస్తుంది. 2024–25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు. 12 శాతం తేమ ఉంటే కోత దాదాపు 301 రూపాయలు. ఇది నియమం ప్రకారం పడే కోత. నీటి బరువుకు డబ్బు ఇవ్వకపోవడమే దాని హేతువు. ప్రైవేటు వ్యాపారంలో వాడుకగా తీసే తరుగుకు అటువంటి రాతపూర్వక నియమం ఉండదు. హేతువున్న కోతకూ హేతువు చూపని తరుగుకూ భేదం తెలిసిన రైతు మొదటిదానికి పత్తి ఆరబెట్టుకుంటాడు, రెండోదాన్ని ప్రశ్నిస్తాడు. శాతాల పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వరంగల్లు తరగతి గదికి దొరకదు.

6. ముగింపు

ప్రజలకు ఆర్థిక విషయం స్పష్టంగా చెప్పే సంప్రదాయం ఓరుగల్లుకు కొత్తది కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అందుకు సాక్ష్యం. గాలివానకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా బలవంతంగా తీసుకునేవారని, ఇకమీదట సుంకం మాత్రమే తీసుకుంటామని ఆ శాసనం ప్రకటించింది. సుంకం ముప్పయ్యో వంతు అని తేల్చి చెప్పింది. ఎవరు తీసుకుంటారు, ఎంత తీసుకుంటారు, ఇంతకుముందు ఏం జరిగేది అన్న మూడు సంగతులూ అందులో ఉన్నాయి. దూరదేశపు వర్తకుడికి నమ్మకం కలిగించాలంటే కర్త ఉన్న వాక్యం కావాలని ఆ శాసనకర్తలు ఎరుగుదురు.

తెలుగు అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాల సంస్కరణ అంటే సమాసాలు విరిచి ఇంగ్లీషు మాటలు పెట్టడం కాదు. ప్రతి అధ్యాయంలోనూ ఏది ‘అవుతుంది’, ఏది ‘చేస్తారు’ అని రచయిత తేల్చుకొని రాయడం. వృత్తిపదకోశ పద్ధతిలో ఏనుమాముల, ఖమ్మం, గుంటూరు యార్డుల నుడిని సేకరిస్తే అందుకు కావలసిన క్రియలన్నీ దొరుకుతాయి. ఈ పనిలో అర్థశాస్త్ర శాఖలకు తోడుగా తెలుగు శాఖలూ నిలవాలి. ధర ఎందుకు తగ్గిందో చెప్పవలసింది అర్థశాస్త్రజ్ఞుడు. ‘తగ్గింది’ అనాలా, ‘తగ్గించారు’ అనాలా అని అతణ్ణి నిలదీయవలసింది భాషావిమర్శకుడు.