అడిగి గీసిన పటం

కోలిన్ మెకంజీకి తెలుగు రాదు. మన దేశ భాషలేవీ పట్టుబడలేదని 1817లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు. అయినా ఫలానా చెరువు ఎవరు తవ్వించారు, ఫలానా గుడికి మాన్యం ఎవరిచ్చారు అని తేల్చాల్సి వస్తే మన పరిశోధకులు మొదట తెరిచేది మెకంజీ కైఫియత్తులనే, అంటే ఆయన రాయించిన ఊళ్ల చరిత్రలనే. చాలాకాలంగా నేనూ వాటిని చదువుతున్నాను. చదివేకొద్దీ రాజుల వంశావళుల కంటే, అసలు ఆ పని ఎలా సాగిందన్నదే నన్ను ఎక్కువగా పట్టి లాగుతోంది. ఎందుకంటే మెకంజీ వృత్తి చరిత్ర రాయడం కాదు. ఆయన సర్వేయరు.

స్కాట్లాండుకు వాయవ్యాన లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో 1754లో పుట్టాడు. 1783లో మద్రాసుకొచ్చి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరయ్యాడు. నెల్లూరు, గుంటూరు సీమల్లో దారులు కొలిచాడు. తర్వాత నిజాం రాజ్యంలో తిరిగాడు. 1794లో శ్రీశైలం వెళ్లాడు. ఆ ఆలయం గురించి ఆయన రాసిన వ్యాసం ఏషియాటిక్ రీసెర్చెస్‌లో అచ్చయింది. 1792లోనూ 1799లోనూ శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. ఈ కొలతలన్నీ ఎవరి కోసమో దాచాల్సిన పని లేదు. ఫిరంగి బండి ఏ దారిన వెళుతుంది, ఏ వాగు ఎప్పుడు దాటొచ్చు, ఏ సీమ ఎంత శిస్తు కడుతుంది అన్నవే కంపెనీకి కావాలి. పటం చేతికొచ్చాక దేశం చేతికి రావడం సులువు.

టిప్పు పతనం తర్వాత మైసూరు సర్వే ఆయనకు అప్పజెప్పారు. పదేళ్లలో దాదాపు 40,000 చదరపు మైళ్లు కొలిచారు. చదునైన నేల మీద ఒక గీతను గొలుసుతో జాగ్రత్తగా కొలిచి దాన్ని ఆధారం చేసుకోవాలి. దూరంగా కొండ మీద జెండా పాతాలి. గీతకు ఆ చివరా ఈ చివరా నిలబడి థియోడలైట్‌తో ఆ జెండాను చూసి కోణాలు రాసుకోవాలి. రెండు కోణాలు, ఒక భుజం తెలిస్తే మిగతా త్రిభుజం లెక్కలో తేలిపోతుంది. కొత్తగా తేలిన భుజం మీద మరో త్రిభుజం. చెప్పడానికి ఇంతే. కానీ కొండ ఎక్కాక మంచు కమ్మితే అది విడిచేదాకా అక్కడే కూర్చోవాలి, చెట్లు అడ్డొస్తే కొట్టించాలి. ఈ పని చేసినవాళ్లలో చాలామంది మీసాలు రాని కుర్రాళ్లు. 1794లో మద్రాసులో మైకేల్ టాపింగ్ పెట్టిన సర్వే బడిలో అనాథాశ్రమం పిల్లలను చేర్చుకుని గొలుసు పట్టడం నేర్పారు. ఆ బడే పెరిగి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో జ్వరంతో పోయాడు. మైసూరులోనూ జ్వరాలు సర్వే బృందాన్ని వదల్లేదు. పటం అంచున ఆ కుర్రాళ్ల పేర్లు అరుదుగా కనిపిస్తాయి.

అదే కాలంలో దత్త మండలాల్లో కలెక్టరు థామస్ మన్రో మరో రకం సర్వే చేయించాడు. 1802లో నలుగురు గుమాస్తాలతో మొదలుపెట్టి ప్రతి పొలాన్నీ కొలిపించాడు. ఆయన గొలుసు పొడవు 33 అడుగులు. 33 అడుగుల చదరాలు నలభై కలిస్తే ఎకరం. తెలంగాణలో ఇవాళ గుంట అనేది సరిగ్గా అంతే. మన్రో లెక్క పొలం దగ్గర ఆగింది. మెకంజీ ఆ పొలం దున్నేవాళ్ల నోట ఆ ఊరి కథ కూడా చెప్పించాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగేది ఇక్కడే.

అయితే అడిగింది ఆయన గొంతు కాదు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య 1796లో ఇరవై ఏళ్ల వయసులో ఆయన దగ్గర చేరాడు. భారతీయ విద్యల వాకిలి తనకు తెరిచింది ఆ యువకుడేనని మెకంజీ ఒప్పుకున్నాడు. ఊళ్లోకి సర్వే మనుషులు వచ్చారంటే పన్ను పెరుగుతుందని జనం భయం. కరణాలు ఊరి లెక్కలున్న కవిలె కట్టలు దాచేసేవారు. వాళ్ల అరుగు మీద కూర్చుని, నమ్మకం కలిగించి, ఆ కట్టలు విప్పించడం థియోడలైట్‌కు చేతనయ్యే పనా? ఊరికి ఆ పేరెలా వచ్చింది, నాలుగు దిక్కులా హద్దులేమిటి, చెరువులెన్ని, గుళ్లెన్ని, ఏ దొరతనం తర్వాత ఏ దొరతనం వచ్చింది? అన్నీ అడిగి రాయించుకున్నారు. రాళ్ల మీది శాసనాలకు నకళ్లు తీశారు. బొర్రయ్య 1803లో, ముప్ఫై నిండకుండానే చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజానికెత్తుకున్నాడు. ఆయన కింద నారాయణరావు, ఆనందరావు లాంటివాళ్లు ఊరూరా తిరిగి, ఏ రోజు ఎక్కడున్నారో, ఎవరు ఏం చెప్పారో నివేదికలు పంపేవారు. మెకంజీ సేకరణలో శాసనాల నకళ్లే 8,076 అని తర్వాత లెక్క తేలింది.

కైఫియత్తుల్లో పుక్కిటి పురాణాలు చాలానే ఉన్నాయి. మునులు తపస్సు చేసిన చోట్లు, కలలో దేవుడు కనపడి కట్టించుకున్న గుళ్లు. చరిత్రకారులు వాటిని వడగట్టాల్సిందే. నా దృష్టిలో మాత్రం అవీ పటంలో భాగమే. ఫలానా గుట్టను ఊరు ఎందుకు మొక్కుతుందో తెలియకుండా ఆ గుట్ట ఎత్తు తెలిసి ఏం లాభం?

అమరావతి సంగతి చెప్పకుండా ఉండలేను. 1790ల చివర ఆయన అక్కడికి వెళ్లేసరికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నాడు. దాని కోసం దీపాలదిన్నె అనే పాత బౌద్ధ స్తూపపు దిబ్బను తవ్వి రాళ్లు తీస్తున్నారు. మెకంజీ 1816లో మళ్లీ వెళ్లి, తన చిత్రకారులతో మిగిలిన శిల్పాలకు కొలత ప్రకారం బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని శిల్పాలు తర్వాత మాయమయ్యాయి. వాటికి ఆ బొమ్మలే సాక్ష్యం.

1815లో ఆయన భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా దగ్గర కన్నుమూశాడు. 1816లో థామస్ హిక్కీ గీసిన చిత్రంలో ఎర్ర కోటులో మెకంజీ, చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులు, వెనక కొండ మీద సర్వే గడ కనిపిస్తాయి. చిత్రంలో దక్కిన చోటు వాళ్లకు కొలువులో దక్కలేదు. మిగిలిన పని తాను పూర్తి చేస్తానని లక్ష్మయ్య అడిగితే, అంతటి పనికి ఆయన చాలడని 1836లో కలకత్తా పండితుల సంఘం తేల్చింది. దాదాపు ఇరవై ఏళ్లు ఆ పని నడిపిన మనిషి గురించి ఆ మాట అన్నారు! అది అన్యాయం. ఇంకో సోదరుడు రామస్వామి 1829లోనే దక్కను కవుల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చేయించాడు. శిథిలమవుతున్న కైఫియత్తులకు సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించకపోతే మనకు మిగిలేవి ఇంకా తక్కువ.

ఇవాళ మన పొలాల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి, రోవర్లు ఉపగ్రహాలను అడిగి సరిహద్దు రాయి చోటు చెబుతున్నాయి. ఆ ఖచ్చితత్వం రైతుకు అవసరమే, గట్టు తగాదాలు తీరాలి. కానీ వంపు చేను, దయ్యాల దిబ్బ, బోడిమాను మడి లాంటి పేర్లు ఏ ఉపగ్రహానికీ తెలియవు. సర్వే నంబరు వచ్చాక అవి పెద్దవాళ్ల నోళ్లలోనే మిగిలాయి. కడపలోని బ్రౌన్ కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చేసింది. మీ ఊరి కైఫియత్తు అచ్చయి ఉంటే తెచ్చుకుని చదవండి. లేకపోతే ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు తాతను, మేనత్తను పక్కన కూర్చోబెట్టుకుని, మీ పొలాల పేర్లూ వాటి కథలూ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి.