ప్రేతాల ఫిర్యాదు: కొరియా భయానక చిత్రాల గుణదోషాలు

భయానకం బీభత్సం నుండి జన్మిస్తుందని భరతుడు చెప్పినాడు. కరుణానికి రౌద్రాన్ని మూలంగా నిర్ణయించినాడు. ఈ జన్యజనక సంబంధాన్ని కొరియా దేశపు భయానక చిత్రాలకు అన్వయించబోతే లెక్క తప్పుతుంది. అక్కడ భయానకానికి తల్లి కరుణమే. ముందు ఒక అన్యాయం, తరువాత ఒక ఏడుపు, ఆ ఏడుపును ఎవరూ వినకపోతే అప్పుడు ప్రేతం. ఈ క్రమం ఆ చిత్రాలకు పెట్టనికోట. వాటి బలహీనత కూడ ఈ కోటలోనే ఉన్నదని నా అభిప్రాయం.

జోసొన్ రాజుల కాలపు 'జాంగ్హ్వా, హోంగ్న్యోన్' కథ ఈ సంప్రదాయానికి మూలకందం. రోజా, ఎర్రతామర అని ఆ అక్కచెల్లెళ్ళ పేర్లకు అర్థం. సవతితల్లి తోలు ఒలిచిన ఎలుకను అక్క పడకలో దాచి, గర్భస్రావం జరిగిందని తండ్రిని నమ్మించింది. ఇంటి పరువు కొరకు ఆ పిల్లను చెరువు పాలు చేసినారు. చెల్లెలు కూడ ఆ నీటిలోనే పడి చనిపోయింది. అటు తరువాత ఆ ఊరికి వచ్చిన న్యాయాధికారులందరూ రాత్రివేళ ప్రేతాలను చూసి, భయంతో ప్రాణాలు విడిచినారు. చివరకు ధైర్యశాలి ఒకడు వచ్చి, వాటి మాట విన్నాడు. అవి కోరినది విచారణ! ప్రేతం చంపడానికి రాలేదు, ఫిర్యాదు చేసుకోవడానికి వచ్చింది. వినే గుండె లేనివారు చనిపోయినారు. సవతితల్లికి మరణదండన పడింది. ఆమె మాట నమ్మి కన్నకూతురిని సాగనంపిన తండ్రికి మాత్రం క్షమాభిక్ష దొరికింది. ఈ క్షమాభిక్షను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలని కోరుతున్నాను.

ఇటువంటి కథల వెనుక 'హన్' అనే మాట ఒకటి ఉన్నది. అనువాదానికి కూర్చున్నప్పుడు ఈ మాట దగ్గర కలం ఆగుతుంది. పగ అంటే చేతిలో కత్తి కనబడుతుంది. దుఃఖం అంటే చేతులు ముడుచుకొన్నట్లు తోస్తుంది. 'ఉసురు తగులుతుంది' అని మన పల్లెలలో అంటారు కదా, ఆ ఉసురు దీనికి దగ్గర చుట్టం. ఏడ్చినవారు బలహీనులే కాని ఆ ఏడుపు బలహీనం కాదు. ఐతే ఉసురు ఎదుటివానికి తగులుతుంది. హన్ ఏడ్చినవారిలోనే గడ్డకట్టి తరాల తరబడి నిలుస్తుంది.

ఈ గడ్డకట్టిన బాధను తమ కాలపు ఇండ్లలో, బడులలో చూపడం కొరియా దర్శకుల ప్రధానమైన గుణం. కిమ్ గి యోంగ్ 1960లో తీసిన 'హన్యో', అనగా 'పనిమనిషి'లో పిశాచమే లేదు. కొత్తగా కట్టుకొన్న మేడ ఉన్నది, మెట్లున్నవి, అలమారలో ఎలుకల మందున్నది. కుట్టుపనితో ఒళ్ళు గుల్లచేసుకొని ఇల్లాలు సంపాదించిన మేడ అది. యజమాని వల్ల గర్భవతి అయిన పనిపిల్లను ఆ మెట్ల మీదనే పడిపొమ్మన్నారు. మధ్యతరగతి ఆశలోనే భయం పొంచి ఉన్నదని చెప్పడానికి ఇంతకంటె సామగ్రి అక్కరలేదు. చిత్రాలను విడుదలకు ముందే కత్తిరించే పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 1996లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1998లో వచ్చిన 'యోగో గ్వేదం'లో చనిపోయిన బాలిక ఏళ్ళ తరబడి అదే బడిలో విద్యార్థినిగా కూర్చుంటుంది, ఉపాధ్యాయులు గుర్తుపట్టరు. మార్కుల పట్టిక తప్ప పిల్ల ముఖం చూడని చదువు మీద ఇంతకంటె ఘాటైన విమర్శ ఏముంటుంది?

ఇక దోషాలు. జపాను 'రింగు' 1998లో జయప్రదమైన తరువాత, ముఖం మీద జుట్టు కప్పుకొన్న ప్రేతం కొరియాలో కూడ అరిగిపోయిన నాణెం అయింది. కథ ముగియవస్తుండగా గతమంతా విప్పి చెప్పి, కన్నీటితో కడిగివేయడం మరొక అలవాటు. ఇవి చిల్లర దోషాలు. అనుకరణ ఎక్కడైనా ఉన్నదే.

అసలు దోషం వేరు: ఫిర్యాదును చివరి ముద్దాయి దాకా నడిపించే తెగువ చాలకపోవడం. 'హన్యో' ముగింపులో గృహస్థు ప్రేక్షకుల వైపు తిరిగి నవ్వుతూ హితబోధ చేస్తాడు. జరిగినదంతా మాటవరుసకు చెప్పిన కథ అయిపోతుంది. పై జానపద కథనే ఆధారం చేసుకొని కిమ్ జీ ఊన్ 2003లో తీసిన చిత్రం మనోవ్యధను చిత్రించడంలో అద్వితీయం. గోడకాగితాల పువ్వులు కూడ అందులో ఊపిరాడనివ్వవు. ఐనను తండ్రి మాత్రలు అందిస్తాడు, మౌనంగా కూర్చుంటాడు. ప్రశ్న ఆయన దాకా పోదు. ఆ పాత క్షమాభిక్ష నేటికీ చెల్లుతూనే ఉన్నది!

జాంగ్ జే హ్యున్ 2024లో తీసిన 'పామ్యో'ను కొరియాలో కోటి పది లక్షలమందికి పైగా చూసినారు. సంపన్న కుటుంబం ఒకటి పసిబిడ్డ జబ్బుకు కారణం వెదుకుతూ తాత సమాధిని త్రవ్విస్తుంది. ఆ తాత జపాను పాలకులకు అమ్ముడుపోయినవాడు. ఇంతవరకు నడక అద్భుతం: ఇంటి సిరి క్రిందనే ఇంటి పాపం బయటపడింది. కాని దాని క్రింద రెండవ పెట్టె దొరుకుతుంది. అందులో జపాను యోధుని పిశాచం ఉన్నది. ఇక యుద్ధం పరాయివానితో. పరాయి పాలన చేసిన గాయం అబద్ధం కాదు. ఐతే ఇంటివాని విచారణ మధ్యలోనే ఆగిపోయింది.

ఇందుకు భిన్నంగా నిలిచినది నా హోంగ్ జిన్ 2016లో తీసిన 'గోక్సోంగ్'. అది ఒక ఊరి పేరు. శోకధ్వని అనే అర్థం కూడ స్ఫురిస్తుంది. పల్లెలో చావులు మొదలైనప్పుడు అందరి చూపు అడవిలోని జపాను వృద్ధుని మీద పడుతుంది. బిడ్డను కాపాడుకోవాలనే తండ్రి ఆరాటమే అనుమానమై, అనుమానమే హింస అవుతుంది. పూజారి డప్పుల మధ్య మేకులు కొడుతుంటే, ఆ దెబ్బలు ఎవరికి తగులుతున్నవో మనం పొరబడతాము. చివరకు తీర్పు లేదు. ఇది అస్పష్టత అని ఆక్షేపించవచ్చు. నిజానికి కొంత ఉన్నది కూడ. కాని న్యాయాధికారి పీఠాన్ని ఖాళీగా ఉంచి ప్రేక్షకుణ్ణి అందులో కూర్చోబెట్టిన సాహసం ఆ లోపాన్ని మించినది.

అన్యాయంగా చనిపోయిన ఆడపడుచులను పేరంటాళ్ళుగా నిలిపి, పసుపుకుంకుమలు పెట్టి, ఆ చావుకు కారకులెవరని అడగడం మానివేసిన జాతి మనది. కొరియావారు తమ పేరంటాలిని గుడిలో ఉండనివ్వక న్యాయస్థానానికి తీసుకొని వచ్చినారు. ఆమె వేలు చూపిన వైపు తుదిదాకా చూడలేకపోవడం వారి లోపం. ఆమెను మాట్లాడనివ్వకపోవడం మన లోపం. ఈ రెండింటిలో ఏది పెద్దదో రచయితలు ఆలోచింతురు గాక.