తెలిసిన కథకు తెల్లవార్లూ

జీవితంలో మొదట చూసిన నాటకం ఏదని తెలుగు పల్లెల్లో ఒక తరం వాళ్ళని అడిగితే చాలామంది నోట వచ్చే పేర్లు రెండు మూడే. శ్రీకృష్ణ రాయబారం, సత్య హరిశ్చంద్ర, కాదంటే చింతామణి. అందులో ఏం గుర్తుందని అడిగితే మాత్రం కథ చెప్పరు, ఒక పద్యం ఎత్తుకుంటారు. గొంతు సహకరించకపోయినా రాగం ఎక్కడ తీయాలో అక్కడ తీసి చూపిస్తారు. కథను గుర్తుపెట్టుకోవలసిన అవసరమే వాళ్ళకు లేదు, పందిట్లో చాప పరుచుకోకముందే అది తెలుసు. కృష్ణుడు సంధి కుదర్చలేడని, హరిశ్చంద్రుడు చివరికి మాట నిలుపుకుంటాడని తెలియని ప్రేక్షకుడు అక్కడ ఉండడు. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రమే లేని నాటకం అంతమందిని తెల్లవార్లూ ఎలా కూర్చోబెట్టింది? పద్య నాటకం కొత్త సంగతి చెప్పడానికి పుట్టిన కళ కాదు కాబట్టి. తెలిసినదాన్ని ఇంకొకసారి, ఇంకొక గొంతులో వినడానికి వచ్చేవాళ్ళ కోసం తయారైన కళ అది. దాని మెళకువలే కాదు, దానికి అంటగట్టే లోపాలు కూడా చాలావరకు ఈ ఒక్క సంగతిలోంచే వచ్చాయి.

పద్య నాటకం మనది కాదు, అరువు సరుకు అనే వాదన ఒకటుంది. కొంత నిజమే. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం విద్యార్థుల చేత ఆడించిన వ్యవహార ధర్మబోధినిలో ఈ పద్యాల, పాటల హంగు లేదు. ఆ దశకంలోనే ధార్వాడ కంపెనీ తెలుగు ఊళ్ళలో ఆడిన నాటకాలు చూసి మనవాళ్ళకు రంగుల తెరల మీద, పాటల మీద మోజు పుట్టింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు చిత్రనళీయంతో మొదలుపెట్టి పద్యాన్నీ పాటనూ నాటకంలోకి ధారాళంగా తెచ్చారు. తెరలు బయటినుంచి వచ్చినవే, హార్మోనియం అయితే సముద్రం దాటి వచ్చింది. కాని ఆ పెట్టె పక్కన నిలబడి పద్యం చదివే పద్ధతి ఎక్కడినుంచీ రాలేదు. పురాణ కాలక్షేపంలో భారతం చదివేవారు, హరికథలో దాసుగారు, యక్షగానంలో వేషగాడు అంతకు ముందే దాన్ని జనం చెవులకు అలవాటు చేసి ఉంచారు. ఏది ఎక్కడినుంచి వచ్చిందన్న పేచీ కన్నా ఆ పద్యంతో నటుడు ఏం చేస్తాడన్నది చూడవలసిన సంగతి.

పడక సీనునే తీసుకుందాం. తిరుపతి వేంకట కవులు భారత కథను ఆరు నాటకాలుగా రాస్తే, వాటిలో పాండవోద్యోగంలోనిది ఈ ఘట్టం. సాయం అడగడానికి ముందుగా వచ్చిన దుర్యోధనుడు కృష్ణుడి తలవైపు దర్జాగా కూర్చుంటాడు, తర్వాత వచ్చిన అర్జునుడు కాళ్ళవైపు చేతులు కట్టుకుని నిలబడతాడు. కృష్ణుడు దొంగనిద్ర చాలించి దుర్యోధనుణ్ణి పలకరించే పద్యంలో, పైకి చూస్తే, ఎప్పుడొచ్చావు, ఇంట్లో అందరూ క్షేమమేనా అన్న మాటలు తప్ప ఏమీ లేవు. ఏ ఇంటి అరుగు మీదైనా వినిపించే కుశలప్రశ్నే. అయితే అది శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం మీద యతి. మొదటి ప్రశ్న మాత్రం 9వ అక్షరంతోనే అయిపోతుంది. ఛందస్సు లెక్క పట్టుకుని భావం వదిలేసిన నటుడు యతి దాకా ఒక్క ఊపిరిన లాక్కుపోతాడు, రెండు ప్రశ్నలూ కలగాపులగం అవుతాయి. తెలిసిన నటుడు తొమ్మిది దగ్గర ఆగి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నట్టు దుర్యోధనుడి ముఖంలోకి చూస్తాడు. అసలు ‘బావా’ అన్న మొదటి పిలుపును ఎంతసేపు లాగాలన్న దగ్గరే ఒక్కో కృష్ణుడిది ఒక్కో లెక్క. కాస్త లాగితే ఆప్యాయత, ఇంకాస్త లాగితే ఎకసెక్కం. ఆపైన కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు బాగున్నారా అని వరసగా అడుగుతాడు. ఎవరి అండ చూసుకుని యుద్ధానికి కాలు దువ్వుతున్నాడో ఆ పేర్లనే అతని ముందు ఒక్కొక్కటిగా పరిచి పెడతాడన్నమాట. పుస్తకంలో చదువుకుంటూ పోతే ఈ రెండో అర్థం తట్టకుండానే పేజీ తిరిగిపోతుంది. గొంతు దాన్ని పైకి తెస్తుంది.

ఇక రాగం. పద్యానికి తాళం లేదు. పాట దగ్గర హుషారుగా మోగిన తబలా పద్యం దగ్గర ఊరుకుంటుంది, హార్మోనియం ఒక్కటే శ్రుతి పట్టుకుని నటుడి వెంట నడుస్తుంది. తాళం కట్టు లేదు కాబట్టి ఏ మాట దగ్గర ఎంతసేపు నిలవాలో నటుడి ఇష్టం. సామాన్యంగా మొదటి రెండు పాదాలూ మాటకు దగ్గరగా, స్పష్టంగా నడిపి, మూడో పాదంలో స్థాయి పెంచి, నాలుగో పాదం చివర రాగం విప్పుతారు. సీసం దొరికితే పండగే. నాలుగు పొడుగు పాదాలు, వెనక ఎత్తుగీతి. సీసం ఒక రాగంలో చదివి గీతికి ఇంకో రాగంలోకి దిగే వీలుంటుంది. మోహన, కల్యాణి, కాపీ, కానడ లాంటివి చాలామంది శ్రోతలకు పేర్లతో తెలియకపోవచ్చు. అయినా ఒకే పద్యాన్ని ఇద్దరు నటులు రెండు దారుల్లో పట్టుకుంటే ఆ తేడా మాత్రం ఇట్టే పసిగడతారు. ఇద్దరు ముగ్గురు కృష్ణుల ఏర్పాటు వచ్చింది ఇందువల్లే. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధరంగానికి మరొకరు. కరపత్రం మీద ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని నటుల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి, రాసిన కవి పేరు చాలాసార్లు ఉండనే ఉండదు. కొత్తవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. వచ్చిన జనం మాత్రం దేవుడొకడేనని, గొంతులు వేరని ముందే ఒప్పుకుని కూర్చున్నవాళ్ళు. పీసపాటి నరసింహమూర్తి రాయబారం విన్న చెవితో షణ్ముఖి ఆంజనేయరాజును వినేవారు. ఈలపాట రఘురామయ్య అయితే నోట్లో వేలు పెట్టి పద్యాన్నే ఈలగా ఊదేవారు. వినేవాడి తలలో పాత గొంతు ఒకటి ముందే ఉంటే తప్ప ఆ ఈల వట్టి శబ్దమే.

పద్య నాటకం మీద వచ్చిన అభ్యంతరాల్లో గట్టిది బయటివాళ్ళది కాదు, బళ్ళారి రాఘవ లాంటి మహానటుడిది. సంగీతం మితిమీరితే నటన చచ్చిపోతుందని ఆయన పట్టుదల. కొడుకు శవం ముందున్న తల్లి నిమిషాల తరబడి రాగాలాపన చేయడమేమిటి, జనం వన్స్ మోర్ అనగానే ఏడుపు ఆపి మళ్ళీ మొదటినుంచి అందుకోవడమేమిటి అన్న ప్రశ్న ఈనాటికీ వినిపిస్తూనే ఉంది. సగం ఒప్పుకోవలసిందే. రాగం అయిపోయాక పద్యంలోని ఏ మాటా చెవిలో మిగలకపోతే ఆ నటుడు పాట కచేరీ చేశాడు కాని పాత్ర వేయలేదు. అలాంటి రాత్రులు తక్కువేమీ కాదు. కాంట్రాక్టు నాటకాలు వచ్చి దీన్ని ఇంకా చెడగొట్టాయి. కాంట్రాక్టరు ఒక్కో పాత్రకు ఒక్కో నటుణ్ణి విడివిడిగా మాట్లాడితే, కలిసి ఒక్క రిహార్సలైనా లేకుండా అందరూ వేదిక మీదే కలుసుకుంటారు. ఎవరి పద్యం వాళ్ళది, ఎదుటివాడు చదివేటప్పుడు వినాలన్న ధ్యాస కూడా ఉండదు. కాని వన్స్ మోర్ విషయంలో రాఘవ పక్షం చెప్పేది పూర్తిగా నిలవదు. భ్రమ చెడిపోతుందనాలంటే ముందు భ్రమంటూ ఉండాలి. ఒకే రాత్రి ముగ్గురు కృష్ణుల్ని చూసే ప్రేక్షకుడు ఆ భ్రమలో ఎప్పుడూ లేడు. రెండోసారి చదివించుకోవడం అంటే ఆ ఒక్క క్షణాన్ని మళ్ళీ తిప్పి చూడటం. మంచి నటుడు రెండోసారి అదే చదవడు, విరుపు మారుస్తాడు. జనం అడిగేది ఆ మార్పునే.

భాష కష్టం, సమాసాలు ఎవరికి అర్థమవుతాయి అనేది రెండో అభ్యంతరం. బడి మెట్టెక్కని రైతులు, కూలీలు రాయబారం పద్యాలు వరసగా అప్పజెప్పిన కాలం గడిచి ఎంతో కాలం కాలేదు, కాబట్టి దీనికి పెద్ద జవాబు అవసరం లేదు. పద్యానికి ముందు వచనంలో సంగతి చెబుతారు, చెయ్యి తాత్పర్యం చెబుతుంది, యతిప్రాసలు జ్ఞాపకానికి కొక్కేల్లా పనిచేస్తాయి. మిగిలింది పదోసారి విన్నప్పుడు తెలుస్తుంది. అర్థమయ్యాకే ఆనందించాలన్న నియమం పద్యం పెట్టలేదు, మన పరీక్షలు పెట్టాయి.

ఎప్పుడూ పాత పురాణమేనా, పాత విలువలేనా అన్న మాటకు బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన సత్య హరిశ్చంద్రీయం జవాబు చెబుతుంది. ఆ నాటకంలో జనం ప్రాణం పెట్టి వినే కాటి సీను పద్యాల్లో కొన్ని ఆయన రాసినవి కావు. గుర్రం జాషువా శ్మశానవాటి ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టుకున్నారు, డి.వి.సుబ్బారావు లాంటివాళ్ళ గొంతులో అవి ఊరూరా తిరిగాయి. ఆ అతుకు ఎంత సరిగ్గా కుదిరిందో చూడాలి. రాజ్యం పోయి, కాశీలో వీరబాహుడికి అమ్ముడుపోయి, కాటికాపరిగా కర్ర పట్టుకుని నిలబడ్డ చక్రవర్తి అతను. అంటరానితనం కాటిలో చెల్లదని, రాజూ పేదా పక్కపక్కనే పడుకుంటారని అంటున్నాడు. ఆ మాట రాసిన కవి ఆ అవమానాన్ని స్వయంగా పడ్డవాడు. తనను పక్కన కూర్చోనివ్వని ఊళ్ళే ఆ పద్యాలకు వన్స్ మోర్ కొట్టాయి. నాటకం తెలిసినదే కాబట్టి ఈ చేర్పు సాధ్యమైంది. కథ కోసం కంగారు పడే ప్రేక్షకుడైతే మధ్యలో ఈ తాత్త్వికత దేనికని విసుక్కునేవాడు.

అదే తలుపులోంచి చెత్త కూడా వచ్చింది. వేశ్యావ్యసనం మాన్పించాలని కాళ్ళకూరి నారాయణరావు రాసిన చింతామణిలో సుబ్బిశెట్టి పాత్రకు నటులు ఎవరికి తోచిన బూతు వాళ్ళు జోడించుకుంటూ పోయారు. ఒక కులాన్ని ఎగతాళి చేసే వేషంగా అది దిగజారింది. ఆర్యవైశ్యుల ఆక్షేపణ మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. ఆక్షేపణలో న్యాయం ఉంది, నిషేధంలో లేదు. జోడింపులు తీసేస్తే పోయేదానికి నారాయణరావుగారి మూలాన్ని కూడా కలిపి పూడ్చిపెట్టారు. జనం చేతిలో ఉన్న కళకు జాషువా దొరకనూ వచ్చు, సుబ్బిశెట్టి చేష్టలు అంటనూ వచ్చు. ఒకటి కావాలంటే రెండోదాన్ని వేదిక మీదే ఏరివేయాలి. ఆ పని అప్పట్లో ముందు వరసలో కూర్చున్న రసికులు చేసేవారు, పద్యం తప్పు చదివితే అక్కడికక్కడే అనేవారు.

ఇప్పుడు ఆ వరసే పలచబడింది. నాటకం మొత్తం వేయించే ఊళ్ళు తగ్గిపోయి పడక సీను, వారణాసి సీను, కాటి సీను అంటూ విడివిడిగా వేయిస్తున్నారు. ఫోనులో అయితే ఒక్క పద్యం, అదీ చివరి రాగం ముక్క. పక్కన ఇంకో గొంతు లేకుండా, ముందు వచనం లేకుండా వింటే అది గొంతు గారడీ లాగే ఉంటుంది, చిన్నవాళ్ళు నవ్వుకుంటే తప్పు వాళ్ళది కాదు. శ్రీరామనవమికో తిరునాళ్ళకో మీ దగ్గర్లో సత్య హరిశ్చంద్ర పూర్తిగా వేస్తున్నారని తెలిస్తే ఇంట్లో పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. మధ్యాహ్నం కాసేపు పడుకుని మరీ వెళ్ళండి, కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజామవుతుంది.