లోపలి ప్యాడ్

కిందటేడు మాఘమాసంలో అమ్మను తీసుకుని తిరుమల వెళ్లి తిరిగి వస్తున్నాం. దిగేది పాత ఘాట్ రోడ్డు, 1944లో తెరిచింది. సగం మలుపులు దాటామో లేదో, వెనక సీట్లోంచి అమ్మ "ఏందో కాలిన వాసన వస్తాంది నాయనా" అంది. బ్రేకు మీద కాలు వేస్తే ముందు ఎడమ చక్రంలో గరగర. చోటు చూసి పక్కకు ఆపాను. చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. బాగా చల్లారేదాకా ఆగి, అక్కణ్నుంచి అలిపిరి దాకా రెండో గేరులో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగాను.

బయల్దేరే వారం ముందే ఒక సర్వీస్ సెంటర్‌లో బండి చూపించాను. బ్రేకులు బాగున్నాయని కాగితం మీద టిక్కు పెట్టి ఇచ్చారు. చక్రం విప్పలేదు, రిమ్ము సందులోంచి టార్చి వేసి చూశారు. అలా చూస్తే, డిస్కును రెండువైపులా అదిమే ప్యాడ్లలో కంటికి దొరికేది బయటిది ఒక్కటే. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి అలాంటి టిక్కు పెట్టడం తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కొన్ని వారాలుగా బ్రేకు వేస్తే సన్నగా కీచుమంటున్న మాట నిజం. అరుగుదల చివరికొచ్చాక డిస్కుకు తగిలి కూత పెట్టడానికే చాలా ప్యాడ్లకు చిన్న రేకు నాలుక ఉంటుందని నాకప్పుడు తెలియదు. దుమ్మనుకున్నాను.

మర్నాడు మా వీధి చివర షెడ్డు భాయ్ చక్రం విప్పి, క్యాలిపర్ పైకెత్తి, రెండు ప్యాడ్లూ నా చేతిలో పెట్టాడు. బయటిదానికి ఇంకా అయిదు మిల్లీమీటర్ల లైనింగ్ ఉంది. లోపలిదానికి లైనింగ్ అనేదే లేదు. ఉత్త ఇనప రేకు, అదీ నీలంగా కమిలిపోయి. డిస్కు మీద వేలు పెడితే గోరు దిగేంత చారలు.

"లోపలిది ఎవురూ చూడరు సార్. ముందు పని చేసేది అదే."

మన ఇళ్లలో తిరిగే మామూలు కార్లలో చాలావాటికి క్యాలిపర్ లోపలివైపు ఒక్కటే పిస్టన్ ఉంటుంది. పెడల్ తొక్కితే అది ముందు లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. ఆ ఒత్తిడికే క్యాలిపర్ రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్ను రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు చేరాయా, గ్రీజు పోయి తుప్పు పడుతుంది. ఇక క్యాలిపర్ జరగదు. లోపలి ప్యాడ్ ఒక్కటే బరువంతా మోస్తుంది, కాలు తీశాక కూడా డిస్కును వదలదు. మా బండికి జరిగింది ఇదే. పిసరంత గ్రీజు లేక.

దానికి తోడు కొండ. మనుషులతో కలిపి 1,200 కిలోల బండి సుమారు 700 మీటర్లు కిందికి దిగాలంటే, ఆ శక్తంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. లెక్క వేస్తే పాతిక లీటర్ల చన్నీళ్లు మరిగేంత వేడి. చిన్న గేరులో దిగితే అందులో చాలా భాగం ఇంజను మోస్తుంది. పెద్ద గేరులో, లేదా న్యూట్రల్‌లో దిగితే అరచేతిలో పట్టే ఆ ప్యాడ్ల మీదే పడుతుంది. కొండ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ వేసే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి.

ఆ రోజు భాయ్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు నేనే మారుస్తాను. వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, చక్రం నేల మీదుండగానే నట్లు కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తి కింద స్టాండు పెడతాను. మా బండికి 14 నంబరు పానా. కింది బోల్టు తీస్తే క్యాలిపర్ తలుపులా పైకి లేస్తుంది. పాత ప్యాడ్ అడ్డం పెట్టి, క్లాంపుతో పిస్టన్‌ను మెల్లగా లోపలికి నొక్కుతుంటే పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం లేస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ మట్టం కొంచెం కొంచెం దిగడం సహజం. తగ్గిందని ఊరికే నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసిన రోజున పొర్లిపోతుంది. ఆ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది కూడా. డాట్ 3 రకం కొత్తప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

పిన్నులు తీసి, తుడిచి, రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీజు పూస్తాను. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అదే. బిగుసుకున్న పిన్ను వేలి కింద నూనె రాసిన గడియలా జారుతుంది. లైనింగ్ మీద మాత్రం గ్రీజు మరక కూడా పడనివ్వను. రెండువైపులా ఒకేసారి మారుస్తాను, లేకపోతే బండి ఒకపక్కకు లాగుతుంది.

ఆ మొదటి రోజు అంతా బిగించాక భాయ్ నా చేతిలోంచి తాళం లాక్కున్నాడు. "ముందు తొక్కండి సార్." తొక్కితే పెడల్ నేలకు అంటింది. నొక్కిన పిస్టన్ మళ్లీ ప్యాడ్ దగ్గరికి రావాలి కదా. నాలుగైదుసార్లు తొక్కాక గట్టిపడింది. ఆ సంగతి తెలియక బండిని వీధిలోకి తీస్తే మొదటి గోడే బ్రేకు.

ఈ ఏడు ప్రయాణానికి రెండు రోజుల ముందు వాకిట్లో చక్రం విప్పాను. అమ్మ అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది.

"లోపలిది చూసినావా?"

తీసి ఆమె చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని, రెండింటినీ పక్కపక్కన పట్టుకుని చూసింది. రెండూ ఏడేసి మిల్లీమీటర్లు.